పిట్ట కోసమే వచ్చాను

అరకు వెళ్ళొచ్చానని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, బొర్రా గుహలు చూశావా అని. చూడలేదు. ఆ మాట వినగానే నా కాలి వంక చూసి, అడగకూడనిది అడిగామన్నట్టు నాలుక కరుచుకుంటారు. మెట్లకి భయపడి మానలేదు. నాకు కావలసిన పిట్ట గుహల్లో ఉండదు, అందుకని చూడలేదు.

నేను విజయనగరంలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. పేరు సువార్త. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. తొడ నుంచి బూటు దాకా ఇనప కమ్ములూ తోలు పట్టీలూ ఉన్న కాలిపర్ తొడుక్కుని నడుస్తాను. పిట్టల్ని ఫోటోలు తీయడం నా పిచ్చి. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయింది. ఊళ్ళో అందరూ డిజిటల్ కెమెరాల గురించి మాట్లాడుతున్నా, నాది మాత్రం ఎవరో వాడి అమ్మేసిన రీలు కెమెరా, దానికో పొడుగాటి లెన్సు. చలికాలంలో భీమిలి ఉప్పుటేరులో దిగే బాతుల్నీ ఉల్లంకి పిట్టల్నీ గట్టు మీద కూర్చునే తీసేదాన్ని. చూసినవాళ్ళు "పాపం, కూర్చుని చేసుకునే పని దొరికింది" అనేవారు. ఆ మాటకే నాకు ఒళ్ళు మండేది.

మలబార్ ట్రోగన్ అని ఒక పిట్ట ఉంది. తెలుగులో ఏమంటారో నాకు తెలియదు. నల్లటి తల, మెడకి తెల్లటి గీత, పొట్ట మొత్తం ఎర్రటి ఎరుపు. సముద్రపు గట్టున దొరకదు. కొండల్లో, పెద్ద చెట్ల నీడలో మాత్రమే ఉంటుంది. క్రిస్మస్ అయిన మర్నాడు బట్టలు సర్దుతుంటే అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. "రెండు కాళ్ళున్నవాళ్ళే అక్కడ ఆయాసపడతారు. ఏజెన్సీలో నీకేమన్నా అయితే మేమెలా రావాలి?" అన్నాడు.

"రావద్దు," అన్నాను.

శృంగవరపుకోట స్టేషను

కోట దాకా బస్సులో వెళ్ళి, అక్కడ కిరండూల్ పాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. చలికి శాలువా కప్పుకున్నాను. కాలిపర్ ముందుకు చాపి ఉంది. తలపాగా చుట్టిన ఒక పెద్దాయన నా ముందునుంచి వెళుతూ ఆగి, రెండు రూపాయల బిళ్ళ నా ఒళ్ళో వేశాడు. నేను నోరు తెరిచేలోగా నాలుగడుగులు ముందుకెళ్ళిపోయాడు.

పక్కనే ఒకామె ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతోంది. ఆ బిళ్ళతో ఒక పొట్లం కొన్నాను. లేచి, టకటకా ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి చేతిలో పెట్టాను.

"ఏటమ్మా ఇది?"

"మీరిచ్చిన డబ్బులతోనే కొన్నాను తాతా. తినండి. నాకు జీతం వస్తుంది."

ఆయన కాసేపు బిక్కమొహం వేశాడు. తరవాత పొట్లం విప్పి, "సగం నువ్వు తినాల మరి," అన్నాడు. రైలొచ్చేదాకా ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని కాయలు ఒలుచుకున్నాం. ఆయన కూతురు కూడా టీచరేనట, బొడ్డవరలో. రైలెక్కేటప్పుడు నా సంచీ పట్టుకోబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఆ దారిలో కలిసినవాళ్ళలో అంత బేగి నేర్చుకున్న మనిషి ఇంకొకరు లేరు.

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలవుతాయి. పెట్టె చీకటైనప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. వెలుగొచ్చినప్పుడల్లా లోయ ఇంకాస్త కిందికి దిగిపోయి కనబడింది.

అరకు సంత

నేను దిగింది శుక్రవారం. అరకులో సంత రోజు. మా ఊరి రైతుబజారులో అమ్మేవాళ్ళు అరుస్తారు, కొనేవాళ్ళు గొణుగుతారు. ఇక్కడ తలకిందులుగా ఉంది. కిందినుంచి లారీల్లో కొనడానికి వచ్చిన వ్యాపారులే అరుస్తున్నారు. కొండల మీదనుంచి తలల మీద మోసుకొచ్చిన ఆడవాళ్ళు నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. పసుపు, అల్లం, పిప్పళ్ళు, ఎర్ర రాజ్మా గింజలు, కొండచీపుళ్ళు. అడ్డాకు దొన్నెలో వేడి వేడి పకోడీలు కొనుక్కుని, తింటూ తిరిగాను.

ఒకచోట జనం గుమిగూడారు. యాభై దాటిన ఒకామె, ముక్కుకి మూడు పుడకలు, అడ్డపొగ తాగుతోంది. చుట్ట వెలిగిన కొస నోట్లోపల పెట్టుకుని పీల్చడం మా అమ్మమ్మకీ అలవాటే. వ్యాపారి ఆమె పసుపు బస్తాని కాటాకి తగిలించి, ముల్లు నిలవకముందే ధర చెప్పేశాడు. ఆమె బస్తా కాటా నుంచి దింపి, తల మీద పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

"మళ్ళీ మోసుకుపోతావేటే అంత దూరం?" అని అరిచాడు వాడు.

"మోసుకొచ్చినదాన్ని మోసుకుపోలేనా?" అంది తిరిగి చూడకుండానే.

అంతే. ఆమె పేరు బుదురి అని నాకు తరవాత తెలిసింది.

పేరు రాయని ఊరు

సంతకి వచ్చే దారిలో రైల్లోంచి ఒక కొండవాలు చూశాను. కింద కాఫీ మొక్కలు, వాటిపైన ఎవరూ నరకని పాత చెట్లు. ట్రోగన్‌కి కావలసింది సరిగ్గా అలాంటి నీడే. మర్నాడు జీపులో జనం మధ్య ఇరుక్కుని ఆ కొండ కింద దిగాను. ఊరి పేరు రాయను. ఎందుకో ముందుముందు మీకే తెలుస్తుంది.

రోడ్డు పక్క పొలాలన్నీ వలిసె పూలతో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. తల పైకెత్తితే, కొండ నెత్తి మీద నల్ల డేగ ఒకటి రెక్కలు చాచి తేలుతోంది. ట్రైపాడ్ తీసేంత వ్యవధి లేదు. చేతుల మీదే ఒక ఫోటో తీశాను. తరవాత కాఫీ తోటలోకి ఎక్కడం మొదలుపెట్టాను. చేతిలో కర్ర ఒకటి, మెడలో కెమెరా, వీపున ట్రైపాడ్. పది అడుగులకోసారి ఆగాను. ఆగిన ప్రతిసారీ అన్నయ్య మీద కోపం తెచ్చుకుని మళ్ళీ నడిచాను.

పైన ఒక ఊట దగ్గర పనస చెట్టు కింద కూర్చున్నాను. ఆ రోజంతా పికిలి పిట్టలూ ఏట్రింతలూ తప్ప ఏమీ రాలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎక్కేటప్పుడే మోకాలి కింది తోలు పట్టీ పుటుక్కున తెగింది. రుమాలుతో కట్టుకుని, దాదాపు పాకుతూ ఊట చేరాను. ట్రైపాడ్ మూడు కాళ్ళూ పాతి, లెన్సు బిగించి కదలకుండా కూర్చున్నాను.

ఎండ చెట్ల సందుల్లోంచి దిగే వేళకి అది వచ్చింది. వచ్చి, అడ్డంగా ఉన్న కొమ్మ మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. మట్టి రంగు వీపు. ఎంతసేపటికీ కదలదు. తిరుగు తల్లీ, తిరుగు అని లోపల్లోపలే బతిమాలాను. తిరిగింది. ఎరుపు కనబడగానే, అది కుదురుకోకముందే మీట నొక్కాను. మళ్ళీ నొక్కబోతుంటే వెనక ఎండుటాకులు గరగరలాడాయి. పిట్ట ఎగిరిపోయింది.

వెనక్కి తిరిగితే పదిమంది దాకా ఆడవాళ్ళూ మగవాళ్ళూ నిలబడి ఉన్నారు. నడుముకి కాఫీ పళ్ళు కోసే బుట్టలు. ముందు నిలబడిన ఆమె ముక్కుకి మూడు పుడకలు.

"ఏటి తీస్తన్నావు?" అంది బుదురి.

"పిట్టని."

"ఏదీ పిట్ట?"

కొమ్మ ఖాళీగా ఉంది.

"ఈ ఇనప కాలేసుకుని, కొండెక్కి, పిట్టని సూడ్డానికొచ్చినావా? ఎవులికి సెప్తావీ కత?"

ఆమె పక్కనున్న నడివయసు మనిషి ట్రైపాడ్‌ని వేలితో చూపించాడు. అతను వార్డు మెంబరు, పేరు దేముడు. "పోయినేడు ఇలాటి మూడు కాళ్ళ మిషనే తెచ్చినారమ్మా. మొక్కల్ని సూత్తన్నాం అన్నారు. అన్నం కూడా ఎట్టినాం. ఎల్లిపోయినాక సూత్తే కొండంతా తెల్ల రంగేసిన రాళ్ళు పాతేసున్నాయి. ఈ ఎర్రమట్టి తవ్వేస్తారంట. బాక్సైట్ అంట."

"ఆ రాళ్ళేం చేశారు?"

"పీకి గెడ్డ నీట్లో పారేసినాం," అంది బుదురి. "ఇప్పుడు నువ్వొచ్చినావు. రీలు తీసి ఇచ్చీ."

ఇన్నేళ్ళ కోరిక, ఆ ఒక్క ఎరుపు, ఆ డబ్బాలో ఉంది. మూత తీస్తే వెలుగు తగిలి మొత్తం పోతుంది.

"ఇవ్వను," అన్నాను.

"ఇవ్వకుండా కొండ దిగవు."

"దిగను. ఇక్కడే కూర్చుంటాను."

కూర్చున్నాను. బుదురి కూడా ఎదురుగా రాయి మీద కూర్చుంది. మిగిలినవాళ్ళు కాసేపు చూసి, పళ్ళు రాలిపోతాయని కోతకి వెళ్ళిపోయారు. ఆమె లేవలేదు. చేతికందిన కొమ్మల్నించి ఎర్రటి పళ్ళు దూస్తూనే నా మీద కన్నేసి ఉంచింది. మధ్యాహ్నానికి ఆనపకాయ బుర్రలోంచి అంబలి దొన్నెలో పోసి నా ముందు పెట్టింది. తాగాను. పుల్లగా, చల్లగా ఉంది. మా ఇంట్లో అంబలి వేసవికే చేస్తాం. ఇక్కడ పొద్దున్నే పొగమంచులో కూడా అదే తాగుతారు.

ఖాళీ దొన్నె తీసుకోవడానికి వంగినప్పుడు రుమాలు కట్టిన పట్టీ చూసింది. చనువుగా వేళ్ళు పెట్టి లాగింది.

"ఇనుము బాగానే ఉంది. తోలు సచ్చింది," అంది.

లేచి వెళ్ళి అడ్డతీగ చీరి నార తెచ్చింది. తొడ మీద పెట్టుకుని పేని, తెగినచోట గట్టిగా బిగించింది. అయ్యో అనలేదు. ఎలా అయిందని అడగలేదు. దేవుడి పేరెత్తలేదు. విరిగిన గొడ్డలి పిడి బాగుచేసినట్టు బాగుచేసి, మళ్ళీ వెళ్ళి తన రాయి మీద కూర్చుని, "రీలియ్యి," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకి రాలేదు.

"బుదురమ్మా, రీలు ఇవ్వను. కానీ నాతో కోటకి రా. అక్కడ కలర్ ల్యాబ్ ఉంది. నీ కళ్ళ ముందే కడిగిద్దాం. అందులో నీ కొండ ఉంటే నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

ఆమె దేముణ్ణి కేకేసి పిలిచింది. ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు వాదించుకున్నారు. చివరికి దేముడు వచ్చి ట్రైపాడ్ మడిచి భుజాన వేసుకున్నాడు.

"మూడు కాళ్ళు మాకాడుంటాయి. మీ ఇద్దరూ తిరిగొచ్చినాక ఇస్తాం," అన్నాడు.

మళ్ళీ కోటకి

మర్నాడు రైల్లో మా ఎదుట హైదరాబాదు నుంచి వచ్చిన ఒక కుటుంబం కూర్చుంది. ఆ ఇంటాయన బుదురి ముక్కుపుడకల్ని తెగ మెచ్చుకున్నాడు. కెమెరా తీసి, "అమ్మా, ఒకసారి లేచి ధింసా డాన్సు వేస్తావా? ఫోటో తీసుకుంటాం," అన్నాడు.

బుదురి చుట్ట నోట్లోంచి తీసింది. "ముందు నువ్వాడు బాబూ. నాను సూత్తాను."

ఆయన భార్య పగలబడి నవ్వింది. ఆయన కెమెరా లోపల పెట్టేసి, కోట వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ల్యాబు కుర్చీల్లో ఫ్యాను కింద కూర్చున్నాం. బుదురికి ఇది కొత్త ఊరు కాదు. పసుపు అమ్మడానికీ, ఆస్పత్రికీ చాలాసార్లు వచ్చిందట. ఫోటోలు చేతికొచ్చాక బల్ల మీద పరిచాం. చాలావరకు ఆకులు. ఆకుల వెనక తోక. తోక కూడా లేని కొమ్మలు. నా మొహం చూసి ఆమె, "ఇందుకేనా ఇంత యుద్ధం?" అంది.

అప్పుడు కనిపించింది. పిట్ట కుదురుకోకముందే నొక్కడం వల్ల అంచులు కొంచెం అలుక్కున్నాయి గానీ, అదే. నల్లటి తల, తెల్లటి గీత, నిప్పులాంటి పొట్ట. ఆమె ముందుకి జరిపాను. ఎత్తి పట్టుకుని చూసింది.

"నిజంగానే పిట్ట," అంది. కొంచెం నిరాశగానే అనిపించింది నాకు. "ఇది మేమెరిగినదే. ఒంట్లో పిడికెడు మాంసం ఉండదు."

ఆ పక్కనే ఇంకొక ఫోటో. మొదటి రోజు రోడ్డు మీదనుంచి తీసిన నల్ల డేగ. మర్చేపోయాను. నేను తీసిన అన్ని ఫోటోల్లోనూ అంత మంచిది లేదు, ఇప్పటికీ లేదు. కింద వలిసె పూల పసుపు, పైన విప్పిన నల్లటి రెక్కల్లో ఒక్కొక్క ఈక. వాటి మధ్య, ఈ కొసనుంచి ఆ కొసదాకా కొండ. బుదురి వేలు దాని మీద ఆగింది.

"ఇది మా కొండ."

"అది డేగ ఫోటో బుదురమ్మా. చూడు, ఇదిగో."

"గెద్ద ఎగిరిపోతాది. కొండ ఎక్కడికి పోతాది? దారీ, ఊటా, నెత్తీ అన్నీ కనబడతన్నాయి. ఇది ఎవులి సేతిలోనన్నా పడితే?"

నేను వాదించాను. ఎవరికీ చూపించనన్నాను. బీరువాలో పెట్టి తాళం వేస్తానన్నాను. ఆమె విన్నది. విని, "నువ్వు మాటిచ్చినావు," అంది.

ల్యాబతన్ని కత్తెర అడిగాను. నెగటివ్‌లో ఆ ముక్కని వెలుగుకి పట్టి మరొక్కసారి చూశాను. కత్తిరించాను. నెగటివ్, ఫోటో రెండూ ఆమెకిచ్చేశాను. చింపేస్తుందనుకున్నాను. చింపలేదు. జాగ్రత్తగా పైటకొంగులో ముడేసి, నడుముకి దోపుకుంది.

"మాకాడే ఉంటాది," అంది.

ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుపొచ్చింది. ఆమె ఓదార్చలేదు. హోటల్లో ఇద్దరం భోజనం చేశాం. పప్పులో ఉప్పు లేదని సర్వర్ని పిలిచి చీవాట్లు పెట్టింది.

జీపు

ట్రైపాడ్ కోసం ఆమెతో పాటే మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. మర్నాటి ఉదయం కాఫీ పళ్ళ బస్తాల లారీ ఎక్కి అరకు చేరదామని రోడ్డు మీద నిలబడ్డాను. లారీకి ముందు జీపు వచ్చింది. దాని వెనక సీట్లో ముగ్గురు మనుషులు, టాపు మీద పొడుగాటి పెట్టెలు, రంగు డబ్బాలు.

ఎవరు కబురు పెట్టారో తెలియదు. కాఫీ తోటల్లోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగివచ్చారు. కేకల్లేవు, నినాదాల్లేవు. బుట్టలు పక్కన పెట్టి రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. బుదురి మధ్యలో కూర్చుంది. నన్ను రమ్మనలేదు. పొమ్మనీ అనలేదు.

నేను లారీ కోసం వచ్చిన మనిషిని. స్కూలు తెరిచే రోజు దగ్గర పడుతోంది. ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ఉద్యోగం. ఇవన్నీ నాకు గుర్తొచ్చాయి. గుర్తొస్తూ ఉండగానే నడిచి వెళ్ళి ఆమె పక్కన కూలబడ్డాను. కాలిపర్ మడవడానికి వీల్లేక కాలు నిటారుగా రోడ్డు మీదికి చాచి ఉండిపోయింది.

ముందు సీట్లోంచి కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన దిగాడు. నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు.

"మేడం, మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. వీళ్ళకి కాస్త చెప్పండి. ఇది ఒట్టి సర్వే."

"సర్వేలో ఏం చేస్తారు?"

"కొలతలు తీసుకుంటాం, ఫోటోలు తీసుకుంటాం. అంతే."

"తీసినవి వీళ్ళకి చూపిస్తారా? నేను చూపించాను. వద్దన్నది కత్తిరించి ఇచ్చేశాను."

ఆయనకి అర్థం కాలేదు. "అవన్నీ ఆఫీసు వ్యవహారాలండీ," అన్నాడు.

"అయితే నేను చెప్పేదేం లేదు."

డ్రైవరు కూడా దిగి వచ్చాడు. మా వైపువాడే, మాట యాసలోనే తెలిసింది. చేతులు నలుపుకుంటూ నా ముందు వంగాడు. "అమ్మా, మీకు కాలు బాలేదు కదా. రోడ్డు మీద ఇదంతా మీకెందుకు? లెగండి, పక్కకి తప్పుకోండి."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అందరి నోటా విన్నాను. మొదటిసారి అది నాకు పనికొచ్చింది.

"కాలు బాలేదు కాబట్టే బాబూ," అన్నాను, "లేవలేకపోతున్నాను."

దేముడు ఆ మాటని వాళ్ళ భాషలో వెనకవాళ్ళకి చెప్పాడు. నవ్వు వెనకనుంచి ముందుకి పాకింది. అప్పటిదాకా నేను ఎన్ని కబుర్లు చెప్పినా పెదవి కదపని బుదురి, చుట్ట చేత్తో పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వింది.

జీపు తిప్పుకోవడానికి అక్కడ చోటు లేదు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. చాలాసేపు హారను కొట్టి, ఎవరితోనో ఫోనులో మాట్లాడబోయి సిగ్నల్ దొరక్క, చివరికి వెనక గేరులోనే, డ్రైవరు తల బయటపెట్టి చూసుకుంటూ, ఆ మలుపులన్నీ దిగిపోయారు. రంగు డబ్బాల చప్పుడు చాలాసేపు వినిపించింది.

వాళ్ళు మళ్ళీ వచ్చారని తరవాత తెలిసింది. వీళ్ళూ మళ్ళీ కూర్చున్నారట. ఆ కథ ముగిసిందని నేను చెప్పలేను.

ఆ రోజు మాత్రం ఆడవాళ్ళు లేచి, చీరలకంటిన దుమ్ము దులుపుకుని, బుట్టలు ఎత్తుకున్నారు. ఎండ ముదిరితే పళ్ళు పాడవుతాయి. లారీ వచ్చి, హారను కొట్టి, ఆగింది. ఎక్కుతారా అని డ్రైవరు అడిగాడు. నేను రోడ్డు మీదే ఉన్నాను. బుదురి తన బుట్టతో పాటు ఇంకొక ఖాళీ బుట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"లారీ రేపూ వస్తాది," అంది. "కూకుని కోసే కొమ్మలు సానా ఉన్నాయి. రా."

లారీని పొమ్మన్నాను.